జేజినాయన తన్నిన తలుపు

ఆ కాలంలో మా వైపు మనిషి బలాన్ని చప్పుడుతోనే కొలిచేవాళ్లు. గొంతు చప్పుడు, చెప్పుల చప్పుడు, వీపు మీద చరిస్తే వచ్చే చప్పుడు. ఎంత పెద్దదైతే అంత బలవంతుడు. వీటన్నిటికీ మించిన చప్పుడు ఒకటి ఆళ్లగడ్డలోని మా పాత మిద్దెలో ఉండేది. పొద్దుగూకి, ఇంకా దీపం పెట్టని ఆ కాస్త సమయంలో, నడవలో పరిచిన నాపరాళ్ల మీద ఒక అడుగు దిట్టంగా పడేది, రెండో అడుగు ఈడ్చుకుంటూ వచ్చేది. ధన్... సర్ర్... ధన్... సర్ర్. అది మా జేజినాయన నడక. (నాయనకు నాయనను మా వైపు అట్లాగే పిలుస్తాం, నాయనమ్మను జేజి అంటాం.) విశేషమేమిటంటే, ఆయన నేను నిక్కర్లు తొడుక్కునే వయసులోనే పోయారు. చప్పుడు మాత్రం ఇల్లు వదిలిపోలేదు. ఎలుకలని మా నాయన అనేవాడు. కావచ్చు. కానీ ఎలుకలు కుంటగా నేనెప్పుడూ చూడలేదు.

పొలాలు పోయాయి, తోట పోయింది, గుర్రబ్బండి ఎవరింటికో పోయింది. చివరికి మా నాయన కూడా పోయాక, ఆ పాత మిద్దె కాక నాకు మిగిలిన ఆస్తి రెండే. ఒకటి, ఎవరి ముందూ వంగని వీపు. రెండు, పడమటింటి తలుపు. మంచి టేకు తలుపు, కింది పలకలో నిలువునా చీలిక. జేజినాయన వయసులో ఉన్నప్పుడు దొంగలు మిద్దె మీది గవాక్షంలోంచి దిగి, ధాన్యం ఉన్న ఆ గదిలో దూరి, లోపల గడియ పెట్టుకున్నారట. ఆయన ఒక్క తన్ను తన్నితే తలుపు చీలిందట, దొంగలు దిగిన దారినే పారిపోయారట. ఆయన కుంటడానికి కారణం వేరే ఉంది: నల్లమలలో చిరుతపులితో పెనుగులాట. (చిరుత ఏమైందని అడిగినవాళ్లకు మా ఇంట్లో మజ్జిగ కూడా పోసేవాళ్లు కాదు.) చిన్నప్పుడు నేను ఆ చీలికకు కన్ను ఆనించి లోపలికి చూసేవాణ్ణి. లోపలి చీకటి నన్ను చూసేది. ఈ కథలు ఎవరు మొదలుపెట్టినా మా జేజి లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. దుఃఖం ఆపుకోలేక వెళుతుందని నేను అనుకునేవాణ్ణి.

ఎనభైల మొదట్లో నేను నంద్యాలలో ఒక విత్తనాల అంగట్లో గుమాస్తాగా కుదిరాను. ఆ రోజుల్లోనే బెంగుళూరులో తైక్వాండో నేర్చుకుని వచ్చిన ఒకాయన, మూతపడిన పత్తి జిన్నింగు మిల్లులో ఆదివారం మధ్యాహ్నాలు కుర్రాళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు. అందరూ ఆయన్ను బెంగుళూరు మాస్టరనేవాళ్లు. ఆ మిల్లు సంగతి చెప్పాలి. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ, వీధిలో కుక్క కూడా ఉండదు. లోపల ఎప్పటిదో పత్తి నూగు ఇంకా గాలిలో తేలుతూ ఉండేది. గోడల వెంబడి పాత పత్తి బేళ్లు. మనం ఏ మాటన్నా అవి మింగేసేవి. అరిస్తే గొణిగినట్టు వినిపించేది. దయ్యాలు రాత్రుళ్లు తిరుగుతాయని అంటారు గాని, వాటికి తీరిక దొరికేది మిట్టమధ్యాహ్నమేనని నాకు అక్కడ తెలిసింది.

"ఎందుకు నేర్చుకోవాలనుకుంటాండావప్పా?" అని మొదటి రోజు మాస్టరు అడిగాడు.

"నేర్చుకునేదేం లేదు సార్. ఉండేదాన్ని అదుపులో పెట్టుకుందామని వచ్చినా," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, దూలానికి దారం కట్టి, దారం కొసన చిన్న దూదిపింజ వేలాడదీశాడు. "దీన్ని తన్ను" అన్నాడు. వంశాన్ని తలచుకుని తన్నాను. రేకుల మీద పావురాళ్లు లేచిపోయాయి. దూది మాత్రం మర్యాదగా పక్కకు జరిగి, నా కాలు పోయాక తిరిగి తన చోటికి వచ్చి నిలబడింది. మళ్లీ తన్నాను. మళ్లీ జరిగింది, మళ్లీ వచ్చింది.

"నువ్వు గాలిని తోస్తాండావు. తోసేది వేరు, కొట్టేది వేరు. వీపు అట్ల బిగబట్టుకుంటే కాలు యాడికి పోతాది? రవ్వంత సడలించు."

"మా ఇంట్లో వీపు సడలించరు సార్."

"పోనీ, ఎదుటోడు మీదికి వస్తే ఒక అడుగు ఎనక్కన్నా వేస్తావా?"

"అది అసలే వెయ్యరు."

అప్పుడు నా పక్కన ఎవరో నవ్వారు. ఉలిక్కిపడ్డాను. అంతవరకూ అక్కడ మనిషి ఉన్నట్టే నాకు తెలియదు. చర్చి బడి టీచరమ్మ కొడుకు. ఎంత సన్నమంటే, అందరూ వాణ్ణి పోగు అని పిలిచేవాళ్లు. వాడు దూది ముందు నిలబడ్డాడు. నిలబడడం చూశాను, ఆ తర్వాత ఏం జరిగిందో చూడలేదు. చప్పుడు లేదు. దారం ఊగలేదు. చూస్తే దూదిపింజ వాడి పాదం మీద అతుక్కుని ఉంది. వాడి పాదాలు ముందుకే తిరిగి ఉన్నాయా, నేల మీద నీడ పడుతుందా అని మెల్లగా చూశాను. (రెండూ సక్రమంగానే ఉన్నాయి. అయినా అనుమానం పోలేదు.) బలం లేనివాళ్లకు దేవుడు ఇట్లాంటి కిటుకులు ఇస్తాడులే అని సమాధానం చెప్పుకున్నాను. బలమంటే రక్తంలో ఉండాలి. నాకుంది. తలుపే సాక్ష్యం.

ఆ తలుపుకే ముప్పు వచ్చింది. మిద్దె కారుతోంది, బాగుచేయించాలి. పాత కలప కొనే వ్యాపారి ఒకాయన తలుపు చూసి ముచ్చటపడ్డాడు. జేజి వెంటనే ఒప్పుకుంది.

"జేజీ, అది వంశం పేరు!"

"పేరు నెత్తిన కప్పుకుంటే వాన ఆగుతాదా?" అంది జేజి. ఆమెకు అప్పటికే కంటిచూపు మసకబారింది గాని మాట మసకబారలేదు.

వచ్చే ఆదివారం నంద్యాలలో జిల్లా జట్టుకు ఎంపిక పోటీ ఉంది. ఆ మిల్లులోనే. నేను గెలిస్తే జేజినాయన కాలు నాలో ఉన్నట్టు, తలుపు అమ్మకూడదు. ఓడితే నేనే దగ్గరుండి ఊడదీయిస్తాను. ఇది నా మాట అన్నాను. "ఆ కాలు నీకొద్దు నాయనా," అంది జేజి. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే వయసూ కాదు.

నా భయం ఓడిపోతానని కాదు, ఎదుటివాడు చచ్చిపోతాడని. అందుకే ముందు రోజు అహోబిలం వెళ్లి, "స్వామీ, రేపు నాలోకి పూర్తిగా రావద్దు, పావలా వంతు చాలు" అని మొక్కుకున్నాను. (తర్వాత జరిగింది చూస్తే స్వామి ఆ పావలా వంతు కూడా అనవసరమనుకున్నట్టున్నాడు.) పోటీ రోజు చీటీల్లో నాకు పోగు పడ్డాడు. నా మనసు కలుక్కుమంది. పక్కకు పిలిచి, "నీకేమన్నా అయితే మీ అమ్మను నన్ను తిట్టుకోవద్దని చెప్పు" అన్నాను.

"సరేన్నా," అన్నాడు వాడు నెమ్మదిగా. "నువ్వు కాలు జాగర్త."

ఛాతీకి కవచాలు కట్టారు. ఎండ రేకుల సందుల్లోంచి కర్రల్లాగా దిగుతోంది, ఆ వెలుతుర్లో నూగు తేలుతోంది. చుట్టూ జనం ఉన్నారు, కేకలు వేస్తున్నారు. బేళ్లు ఆ కేకల్ని మింగేస్తున్నాయి. నేను తన్నాను. అక్కడ వాడు లేడు. ఉండాల్సిన చోట నూగు సుడి తిరుగుతోంది. పక్కటెముకల మీద టప్‌మని ఏదో తగిలింది, నొప్పి కూడా లేదు, పాయింటు మాత్రం వాడికి పోయింది. నేను ముందుకు పోతే వాడు ఒక అడుగు వెనక్కి వేసేవాడు. వెనక్కి వేసిన అడుగులోంచే దెబ్బ వచ్చేది. వెనకడుగు నుంచి దెబ్బ వస్తుందని మా వంశంలో ఎవరూ నాకు చెప్పలేదు. "ఏందప్పా, గాలికి మొక్కుతాండావా?" అని ఎవరో ఎగతాళి చేశారు. ఇక ఆగలేదు. తలుపును కళ్ల ముందు పెట్టుకున్నాను, చీలికను చూసుకున్నాను, ఉన్న బలమంతా కుడికాలిలోకి దింపి తన్నాను. ఈసారి పోగు జరగలేదు. మోచేయి ఒంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు, అంతే. నా పాదం పైభాగం పోయి నేరుగా ఆ మోచేతి ఎముకకు తగిలింది. ఆ మిల్లులో బేళ్లు మింగలేకపోయిన చప్పుడు అదొక్కటే. ఎండుపుల్ల విరిగినట్టు. ఎంత గట్టిగా తన్నానో అంతా నా కాలికే తిరిగొచ్చింది.

అందరికంటే ముందు పరిగెత్తి వచ్చి నా తల ఒళ్లో పెట్టుకున్నది పోగే. "చెప్పినా గదన్నా," అంటున్నాడు, కళ్లల్లో నీళ్లు. మాస్టరు మాత్రం నా పాదం తడిమి, "బలం చానా ఉందప్పా నీకు. ల్యాకుంటే ఇంతగా ఇరగదు," అన్నాడు. దాన్ని మెప్పుగా తీసుకోవాలో వద్దో నాకు ఈనాటికీ తెలియదు.

వాచిన పాదానికి తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాను. శిరివెళ్ల దాటేసరికి పొలాల మీద ఎండ ఎర్రబడింది. ఆళ్లగడ్డలో దిగి ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది, దీపం ఇంకా పెట్టలేదు. నడవలోకి అడుగుపెట్టాను. ధన్... సర్ర్. ఆగాను. చప్పుడు ఆగింది. మళ్లీ కదిలాను. ధన్... సర్ర్... ధన్... సర్ర్. అది నా నడకేనని నా బుద్ధికి తెలుసు. నా మెడ మీది వెంట్రుకలకు తెలియలేదు.

జేజి పడమటింటి తలుపుకు ఆనుకుని కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. "వచ్చినావా?" అంది. "మళ్లా తన్నినావా? కాలు పోతాది గానీ అది కదలదని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

జేజినాయనను అందరి ముందూ 'మీరు' అనేది జేజి. ఈ 'నీకు' అనే గొంతు నేను ఎన్నడూ వినలేదు. "జేజీ, నేను," అన్నాను.

"నువ్వొచ్చింది నాకు తెల్దా? నీ ఎనకాల వచ్చిన ఆయప్పతో మాట్లాడుతాండా. నువ్వు రవ్వంత పక్కకు జరుగు."

జరిగాను. మా వంశంలో ఒకడు పక్కకు జరిగి దారి ఇవ్వడం అదే మొదలు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాత్రం లేదు.

"దొంగలంట, దొంగలు!" అని జేజి నా భుజం పక్కన ఉన్న చీకటితో అంది. "పెండ్లయిన కొత్తలో మా పుట్టింటోళ్లను ఒక మాటంటివి. నేను ఈ గదిలోకి పోయి గడె పెట్టుకుంటి. నువ్వు తన్నితివి. తలుపు కదల్లా, నీ కాలే ఇరిగె. ఆ చీలిక వడ్రంగి పచ్చికొయ్య పెట్టినందుకొచ్చింది, నీ తన్నుకు కాదు."

"మరి చిరుత?" అన్నాను.

"ఆ చిరుత నేనే నాయనా."

"మరి తలుపు ఎట్ల తెరుచుకునింది?"

జేజి చీలిక మీద చేత్తో నిమిరింది. "తన్నినప్పుడు తీయలా," అంది. "బయట కూలబడి అమ్మా అని ఏడ్చినాడు. అప్పుడు తీసినా."

ఆ మాటకు, నేను కదలకుండానే, నా వెనక రాయి మీద ఒక్కసారి సర్ర్ మంది. ఎలుకలే అయ్యుంటాయి. జేజి నిజంగా ఎవరితో మాట్లాడిందో, నా పొగరు దించడానికి ఆడిందో తర్వాత ఎన్నిసార్లు అడిగినా నవ్వేది తప్ప చెప్పలేదు.

మాట మాటే కాబట్టి, కాలికి కట్టుతోనే దగ్గరుండి తలుపు ఊడదీయించాను. మిద్దె కారడం ఆగింది. తలుపు ఉన్న చోట జేజి తన పాత చీరతో పరదా కట్టింది. కోపం వచ్చినప్పుడు దాన్ని ఒకసారి తన్ని చూశాను కూడా. మర్యాదగా పక్కకు జరిగి, తిరిగి తన చోటికి వచ్చి నిలబడింది.

జేజి పోయి చాలా కాలమైంది. పాదం అతుక్కుంది గాని సరిగ్గా అతుక్కోలేదు. వయసు పైబడేకొద్దీ ఈడుపు ఎక్కువైంది. ఇప్పుడు పొద్దుగూకే వేళ నేను నడవలో నడుస్తుంటే, పరదా వెనక చదువుకుంటున్న మా మనవరాలు చప్పుడు విని, "జేజినాయనా, నువ్వేనా?" అని అడుగుతుంది. నేను వెంటనే పలకను. ఒక్క క్షణం ఆగుతాను. పెద్దవాళ్లు ఉన్న చోట ముందు వాళ్లను పలకనివ్వడం మర్యాద. ఎవరూ పలకకపోతే అప్పుడు నాలో నేను నవ్వుకుని, వీపు కాస్త వంచి, పరదా పక్కకు తీసి, "నేనేలేమ్మా" అంటాను.