అప్ప కూర్చున్న వెనక బెంచీ

మొన్న సంచౌంగ్ బజారు పక్కన జిరాక్స్ కొట్లో నా ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో తన పౌరసత్వ కార్డు, వాళ్ళ నాన్నది, తాతది, యూనివర్సిటీ దరఖాస్తు. మిషను మూత కింద పెట్టిన ప్రతి కాగితమూ తిరిగి చేతికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూస్తోంది. నేనెందుకు వెళ్ళానో మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మా అప్ప కళ్ళముందు తిరుగుతోంది.

అప్ప అంటే మా పెద్దక్క, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అయ్యకు సేక్కాన్ రేవులో ఓడల సరుకు దింపే పని. పదో తరగతిలో అప్పకు మెడిసిన్‌కు సరిపడా మార్కులొచ్చాయి. అయ్య ఆ సంగతి రేవులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. భాష తెలియని ఒక విదేశీ నావికుణ్ణి కూడా వదల్లేదు, గాలిలో సూదిమందు పొడిచి మరీ చూపించాడట. కానీ మా ఇంట్లో అందరివీ నీలం కార్డులు. మాలా వలసవచ్చిన తెలుగువాళ్ళలో, తరాలుగా ఈ దేశంలోనే పుట్టినా పాత కాగితాలు చూపించలేనివాళ్ళకు ఆ రంగే. డాక్టరు చదువు పూర్తి పౌరసత్వమున్న గులాబీ కార్డు వాళ్ళకే. దరఖాస్తును కిటికీ దగ్గరే తిప్పి ఇచ్చేశారు. అమ్మ ఏడ్చింది. అప్ప మాత్రం కాలేజీ పిల్లలు తొడిగే తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసుకుంది.

మెడికల్ కాలేజీ తెరిచిన రోజున నేరుగా వెళ్ళి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. సాయంత్రం ఇంటికి రాగానే నన్ను పీటమీద కూర్చోబెట్టి నా చేతిమీద పాఠం అప్పజెప్పేది: హ్యూమరస్, రేడియస్, అల్నా. నాకు చక్కిలిగింత పెడితే, "కదలకే! ఎముక జారిపోద్ది" అని కసిరేది. అలా పదకొండు రోజులు. పన్నెండో రోజు కొత్త హాజరుపట్టీ వచ్చింది. అందరి పేర్లూ పిలిచాక, ఒక మనిషి ఎక్కువ ఉన్నారని పాఠం చెప్పే సయామా, అంటే పంతులమ్మ, తలెత్తి చూసింది. అప్ప లేచి నిలబడి, "మార్కులున్నాయి సయామా, కార్డు లేదు" అంది. ఆవిడ ఆ గంటసేపు కూర్చోనిచ్చి, తరవాత వరండాలోకి పిలిచి, "కాగితాలు వెతుకమ్మా. నాకు తోచింది నేనూ రాసిస్తాను" అంది. మర్నాటినుంచి గేటు దగ్గర అప్పను ఆపేశారు.

మా ముత్తాత ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో కమ్మరి పని చేశాడని, తాత అక్కడే పుట్టాడని ఇంట్లో ఒక మాట ఉండేది. ఆ మాట పట్టుకుని అప్ప పాత రిజిస్టర్ల కోసం మూడు వానాకాలాలు ఆఫీసుల చుట్టూ బస్సుల్లో తిరిగింది. ఒకచోట గుమస్తా లేడు, ఒకచోట బీరువా తాళం లేదు, ఇంకోచోట రిజిస్టరు ఉంది కానీ చెదలు సగం చదివేశాయి. ఆఖరికి మిగిలిన సగంలో తాత పుట్టుక దొరికింది. దానికి సయామా రాసిచ్చిన ఉత్తరం జతచేసి దరఖాస్తు పెట్టింది. ఇంకో ఏడాది తిప్పి, ఇంట్లో అందరికీ గులాబీ కార్డులు ఇచ్చారు. అప్పకు సీటు మాత్రం లేదు. పది పాసైన ఏడాదికే ఆ హక్కు, అది దాటిపోయిందన్నారు. అదే ఏడు నేను పది పాసై మెడిసిన్‌లో సీటు తెచ్చుకున్నాను.

మొదటిరోజు అప్ప నన్ను కాలేజీ గేటుదాకా తీసుకెళ్ళింది. నేను గేటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. "ఏటి సూస్తన్నావు? ఎల్లు. కూకుంటే ముందు బెంచీలో కూకో" అని భుజంమీద తోసింది. లోపలికి వెళ్ళి కూర్చున్నానే గాని, నా చోటు కాని చోట కూర్చున్నట్టే ఉండేది. అప్ప ఇంటిదగ్గర పిల్లలకు ట్యూషన్లు మొదలుపెట్టింది. కాగితాలు చిక్కుపడ్డ మన తెలుగువాళ్ళను వెంటబెట్టుకుని ఆఫీసులకూ తిరిగేది.

నేను డాక్టరునయ్యాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను, "అప్పా, నన్ను సూస్తే నీకు కడుపు మండనేదా?"

చేతిలో చాట దించకుండానే చెప్పింది: "మండింది. నీకు పాటం సెప్పినప్పుడల్లా మండింది. అయితే ఏటి, సెప్పడం మానీనేదు గదా."

ఇప్పుడు నేను ఉద్యోగంనుంచి కూడా దిగిపోయాను. కాలం అందరికీ ఒకేలా నడుస్తుందని ఎవరైనా అంటే నాకు నమ్మకం కుదరదు. అవే నాలుగేళ్ళు అప్పకు ఆలస్యమయ్యాయి, నాకు సకాలమయ్యాయి.