పోస్టరు మీద నా కాలు

ఐర్లండులోని గాల్వేలో డాక్టరుగా చేస్తూ నన్ను తన దగ్గరే ఉంచుకున్న నా కూతురు, సదస్సులో పెట్టే పరిశోధన పోస్టరు చూపించి ఎలా ఉందని అడిగింది. ఇన్ని అక్షరాలుంటే ఎవడూ ఆగడు, సగం తీసేసి బొమ్మ పెద్దది చెయ్యి అన్నాను. చేసింది. ఆ బొమ్మ నా కాలిదే. షుగరు పుండుతో వేలు పోయిన కాలు.

కింద మిగిలిన ఇంగ్లీషు వాక్యాన్ని కూడబలుక్కుని చదివాను. మందు చీటీ చదవలేని నిరక్షరాస్యుడైన రోగి అని ఉంది. ఆ వేలు పోయాకే, అరవై ఏడో ఏట, ఇక్కడి లైబ్రరీ క్లాసులో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను.

"ఆ ముక్క తీసెయ్యి. నాకిప్పుడు చదువొచ్చు."

"పుండు పడ్డప్పుడు రాదు కదా నాన్నా. అది తీసేస్తే ఇంక నా పోస్టరులో ఏముంది?"

పట్టుబట్టి సదస్సుకు వెళ్లాను. జనం నా కాలి దగ్గరే ఆగుతున్నారు. ఒక పెద్ద డాక్టరు, ఈ రోగి ఇప్పుడెలా ఉన్నాడని అడిగాడు. పక్కనే ఉన్న నా వైపు చూడకుండా నా కూతురు "గ్రాండ్" అంది. బాగానే ఉన్నాడనడానికి ఇక్కడివాళ్లు అనే మాట అది.

నేను ముందుకెళ్లి ఆ కాలు నాదేనన్నాను. ఆ వాక్యం పైకి చదివాను.

"నాన్నా, ప్లీజ్, ఊరుకో."

మళ్లీ మొదటినుంచి, ఇంకా గట్టిగా చదివాను.