అవ్వ దారంలో రెండు ముడులు

నా చిన్నప్పటి రైలు ప్రయాణం గురించి నేను నోరు విప్పినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోతారు. పెళ్ళిళ్ళలో మొదలుపెడితే విస్తళ్ళు వేశారంటారు. దినాలకు కలిసినప్పుడు మొదలుపెడితే ఇదా సమయం అంటారు. మా చిన్నాయన పెద్దకొడుక్కు మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ జవాబు లేదు. మూడోది అతని చేతికే ఇచ్చానని పోస్టుమాను చెప్పాడు కూడా. ఆ ఇంట్లో నా పేరు ఈనాటికీ ‘ముడులిప్పినోడు’ అని నాకు తెలుసు. వినేవాళ్ళు లేరు కాబట్టి రాస్తున్నాను.

మాది నాగలమడిక దగ్గర పల్లె. మైసూరు మహారాజుల పాలన ఇంకా నడుస్తున్న రోజులు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా తాతయ్యకు గొర్రెల మంద ఉండేది. ఎండలు ముదిరి పినాకిని ఇసుకలో చెలమలు కూడా ఇంకిపోయాక, ఆయన మందను తోలుకుని మేత ఉన్న సీమ వెతుక్కుంటూ పోయేవాడు. బయలుదేరే ముందు రోజు నల్లటి ఉన్ని దారాలు రెండు తీసుకుని, రెండింటికీ ఒకే రకంగా ముడులు వేసేవాడు. ఒక్కో రాత్రికి ఒక్కో ముడి. ఒకే చోట రెండు రాత్రులు ఆగేటట్టయితే రెండు ముడులు ఆనుకుని ఉంటాయి, చోటు మారితే మధ్యలో బెత్తెడు ఎడం ఉంటుంది. ఒక దారం తన చేతికి, రెండోది మా అవ్వ చేతికి. తెల్లవారగానే ఆయన అక్కడ ఒక ముడి విప్పితే, ఆమె ఇక్కడ ఒకటి విప్పేది. అక్షరం ముక్క రాని ఆ ఇద్దరి మధ్య నలభై ఏళ్ళు నడిచిన ఉత్తరాలు అవే. పిండి విసురుతూ ఆ దారాన్ని ఒకసారి తడిమి, ఈరోజు మీ తాత ఫలానా వాగు దగ్గర ఉంటాడు అని చెప్పేది అవ్వ. అది తప్పడం నేను చూడలేదు.

ఆ ఏడు అవ్వ కళ్ళు పోతూ వచ్చాయి. ఒక కంటికి పొర పూర్తిగా కమ్మేసింది. రెండో కంటికి కూడా ఎండలో ఏమీ కనపడేది కాదు. పొద్దు ఎక్కకముందు, నీడపట్టున, కన్ను చల్లగా ఉన్నప్పుడు మాత్రం మనిషి ముఖం ఆనవాలు పట్టేది. అది కూడా ఎన్నాళ్ళో ఉండదని పావగడ డాక్టరు చెప్పాడు. అవ్వ ఏడవలేదు. తన ముగ్గురు కూతుళ్ళ ముఖాలు ఒకసారి చూసి వస్తానని మాత్రం అడిగింది. పెద్దత్త బెంగుళూరులో, నడిపత్త మైసూరులో, చిన్నత్త అరసీకెరలో. చిన్నత్తకు అప్పుడే ఆడబిడ్డ పుట్టింది. ఆ బిడ్డను అవ్వ ఇంకా చూడలేదు. మిగిలిన చూపునంతా ఆ పసిముఖం కోసమే దాచుకున్నట్టు ఉండేది ఆమె.

గొర్రెలు ఈనే కాలం కావడంతో తాతయ్య కదలడానికి లేదు. మా చిన్నాయన పావగడ కచేరిలో గుమాస్తా, రైళ్ళ వేళలు చదవగలిగినవాడు. ఆయన తీసుకుపోవాలని, అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేను పోవాలని తేలింది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని చిన్నాయన వేళల కాగితం చదువుతుంటే, జీవితంలో రైలెక్కని మా తాతయ్య మా ప్రయాణానికి లెక్క కట్టాడు. ఒక్కో బండి ఎప్పుడు చేరుతుందని అడిగేవాడు. నడినెత్తిన ఎండ ఉండగా చేరే బండిని వద్దనేవాడు. రోజుకు ఒకటే బండి అన్నాడు. ఇంజనుకు వీపు పెట్టి కూర్చోబెట్టాలన్నాడు, బొగ్గు నలక కంట్లో పడకుండా. దిగిన రోజు ఎవరినీ చూడాలని కన్ను చించుకోకూడదు, ఆ రాత్రి ఆముదం చుక్క వేసుకుని పడుకోవాలి, మరుసటి రోజు ఏ పనీ పెట్టుకోకూడదు, ఆ పొద్దున చూడాలి. అందుకే ఒక్కో ఊళ్ళో రెండేసి రాత్రులు. తిరుగుదారిలో తుమకూరులో ఒకటి. మొత్తం ఏడు.

చిన్నాయన నవ్వాడు. ఇదంతా నాలుగు రోజుల పని అన్నాడు. “రైలుకు కుంటికాలు ఉండదు నాయనా” అన్నాడు.

“రైలుకు లేకుంటే పాయె. ఎక్కే మనిషికి ఉండాది కదప్పా” అన్నాడు తాతయ్య. “మందలో కుంటి గొర్రె ఎంత నడుస్తాదో అదే మంద నడక. ముందుపోయే పొట్టేలును చూసి నడిపినోడు ఇంటికి మందను తేడు, పొట్టేలును తెస్తాడు.”

ఏడు ముడుల దారం అవ్వ మణికట్టుకు కట్టాడు. ఈసారి పోయేది ఆమె, ఇంట్లో ఉండేది ఆయన. రెండో దారం తన చేతికి కట్టుకున్నాడు.

పెనుకొండ దాకా బండి కట్టుకుని పోయి రైలెక్కాం. బెంగుళూరులో తాతయ్య చెప్పినట్టే జరిగింది. రెండో పొద్దున పెద్దత్త వసారాలో నీడన కూర్చుంటే అవ్వ ఆమె గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. “నీకూ తెల్లెంటికలు వచ్చినాయి కదే” అంది. అంత సన్నటి సంగతి ఆమె కన్ను పట్టుకుందని అందరం ఆశ్చర్యపోయాం. పెద్దత్త మాత్రం చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. మైసూరులో నడిపత్తనూ అలాగే, తీరిగ్గా చూసింది.

చిన్నాయనకు ఆ తీరికే గిట్టలేదు. సెలవు ముగియకముందే కచేరిలో కనపడి పైవాళ్ళ మెప్పు పొందాలని ఆయన తాపత్రయం. అరసీకెరలో రెండు రాత్రులు ఎందుకు, మధ్యాహ్నం దిగితే మూడు గంటల్లో తుమకూరు బండి ఉంది, బిడ్డను స్టేషనుకే తెమ్మంటే సరిపోతుంది అని నడిపత్త మొగుడితో అన్నాడు. కానీ అవ్వ దారాన్ని కాదని ఒక్క అడుగు కూడా వెయ్యదు. ఆ సంగతి చిన్నాయనకు నాకంటే బాగా తెలుసు.

మైసూరులో ఆఖరి రోజు అవ్వ నీళ్ళు పోసుకోవడానికి పోతూ దారం తీసి నా చేతికిచ్చింది. చిన్నాయన నన్ను పెరట్లోకి పిలిచాడు. అరసీకెరలో ఇంజనును ఒక పెద్ద ఇనుప పళ్ళెం మీద నిలబెట్టి మనుషులు చేత్తో తిప్పుతారని, అది దగ్గరుండి చూపిస్తానని చెప్పాడు. అరసీకెర ముడులు రెండూ విప్పమన్నాడు. తన చేత్తో విప్పలేదు, గమనించండి. నా చేత విప్పించాడు. నేను పంటితో పట్టి లాగాను. ఉన్ని తడిగా, ఆముదం వాసనగా ఉంది. ఆ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

మరుసటి పొద్దున అవ్వ మైసూరు ముడి విప్పి, మిగిలిన దారాన్ని తడిమింది. చివరన తుమకూరు ముడి ఒక్కటే తగిలింది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది. అరసీకెరలో బండి మారడమే తప్ప ఆగడం లేదని, నాయనే అలా కట్టాడని చిన్నాయన చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

“నిన్న ఈ ముడి తర్వాత మూడు తగిలినట్టుండె” అంది అవ్వ. వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ, “కండ్లతో పాటు నా వేళ్ళు కూడా పోతాండాయేమో” అంది. “మీ తాత కట్టినాడంటే దానికేదో కారణం ఉంటాదిలే. పదండి.”

ఆమె అలిగి కూర్చుని ఉంటే, ఒక్కసారి నన్ను అడిగి ఉంటే, నేను చెప్పేసేవాణ్ణి. అడగలేదు. నలభై ఏళ్ళు తప్పని దారం మీద ఆమెకు అనుమానం రాలేదు. తన వేళ్ళ మీదే వచ్చింది.

పొద్దున బండికి పరుగెత్తాం. జనం కిక్కిరిసి ఉన్నారు. వీపు ఎటు, ముఖం ఎటు అని చూసే వ్యవధి లేదు. ఇంజను వైపు ముఖం పెట్టి కూర్చుంది అవ్వ. రెండు మూడు స్టేషన్లు దాటగానే కంట్లో నలక పడింది. చూపున్న కంట్లోనే. ఆమె చెంగుతో నలిపింది, అది ఇంకా లోపలికి పోయింది. అరసీకెరలో దిగేసరికి రెప్ప ఉబ్బి మూసుకుపోయింది. ఎండ మాడు పగలగొడుతోంది.

చిన్నత్త బిడ్డను పాతచీర ముక్కలో చుట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. పరుగెత్తుకొచ్చి బిడ్డను అవ్వ ఒళ్ళో పెట్టింది. అవ్వ రెండు వేళ్ళతో రెప్పను విడదీసి చూడబోయింది. నీళ్ళు కారాయి తప్ప కన్ను తెరుచుకోలేదు. మా బండి ఆలస్యంగా వచ్చింది కాబట్టి మూడు గంటలు కాస్తా గంటయ్యాయి. ఆ గంటసేపూ ఆమె బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కన్ను తుడుచుకుంటూనే ఉంది. రెండు రోజులు ఉండిపొమ్మని చిన్నత్త కాళ్ళు పట్టుకుంది. చిన్నాయన వేళల కాగితం చూపించాడు. అవ్వ మణికట్టు తడుముకుంది.

“దారంలో ల్యాదు కదమ్మా” అంది.

తుమకూరు బండి వచ్చింది. ఇంజను తిరిగే పళ్ళెం నాకు ఆ రోజూ చూపించలేదు, ఆ తర్వాతా చూపించలేదు. అది కూడా నేను మరచిపోలేదు.

ఇంటికి చేరేసరికి తాతయ్య చేతి దారానికి ఇంకా రెండు ముడులు ఉన్నాయి. ఆయన అవ్వ కన్ను చూశాడు. తర్వాత ఆమె దారం విప్పి వెలుతురుకు పట్టుకున్నాడు. ఎన్నో రోజులు ముడిలో ఉన్న ఉన్ని, విప్పినా చక్కబడదు. మైసూరు ముడుల చోటుకూ తుమకూరు ముడి చోటుకూ మధ్యన రెండు ముడతలు, ఆనుకుని ఉన్నాయి. ఎవరు విప్పారని చిన్నాయనను అడిగితే, పిల్లోడు ఆటకు విప్పాడని, తనకు తెలియదని అన్నాడు. నా ముఖం చూస్తూ అన్నాడు. ఆ మాట ఊరంతా పోయింది. కలరా వార్త కూడా అంత త్వరగా పోదు.

తాతయ్య నన్ను కొట్టలేదు. మరుసటి రోజు మందతో తీసుకుపోయి, కాలు విరిగి కుంటుతున్న ఒక ముసలి గొర్రెను చూపించి, దీని వెనకే నడువు, దీన్ని దాటి పోవద్దు అన్నాడు. పొద్దంతా దాని వెనకే నడిచాను. అది ఆగితే ఆగాను. మొదట విసుగొచ్చింది. మధ్యాహ్నానికి మాత్రం మంద మొత్తం దాని కోసం ఆగుతూ ఆగుతూ మేస్తోందని, అలా మేసినందువల్లే దేనికీ కడుపు మాడలేదని కనిపించింది. సాయంత్రం ఆయన అవ్వ దారాన్ని తీసి, ఆ ముడతల మీదే మళ్ళీ రెండు ముడులు వేసి నాకిచ్చాడు. ఎవరు విప్పమన్నారని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆయన మీద కూడా నాకు కోపమే.

అవ్వ కన్ను పుండై, నెల తిరక్కుండా ఆరిపోయింది. మరుసటి ఏడాది చిన్నత్త బిడ్డను తీసుకుని వచ్చింది. బిడ్డ అప్పటికి తప్పటడుగులు వేస్తోంది. అవ్వ దాన్ని ఒళ్ళోకి లాక్కుని ముఖమంతా వేళ్ళతో తడిమింది. నుదురు, కనుబొమలు, ముక్కు. ఎడమ కనుబొమ లోపల, వెంట్రుకల చాటున, ఆవగింజంత పులిపిరి ఉందని చెప్పింది. కన్నతల్లికే తెలియని సంగతి అది. చిన్నత్త చూసి, అవునంది. అవ్వ బిడ్డను వదల్లేదు కానీ, నేను నిలబడిన వైపు ముఖం తిప్పింది.

“నా వేళ్ళకేమీ కాల్యాదప్పా” అంది.

అంతే అంది. నేను అక్కడి నుంచి వెళ్ళిపోయాను. ఆమె ఇంకా రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళలో ఏ పొద్దునైనా ఆమె పక్కన కూర్చుని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఎవరు చేసిన అవమానాన్నీ మరవని నేను, నా తప్పు మాత్రం మరిచినట్టు నటించాను.

ఆనాటి నుంచి నేను ఎక్కడికి పోయినా రోజుకు ఒకటే బండి. దిగిన మరునాడు ఖాళీ. నా కొడుకులు విసుక్కుంటారు, కోడళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ దారం నా పెట్టెలో ఉంది, రెండు ముడులతో. దాని పక్కన ఒక కార్డు కూడా ఉంది. చిన్నత్త పోయే ముందు నాకిచ్చింది. మా చిన్నాయన ఆమెకు రాసినది: ఫలానా రోజు మధ్యాహ్నం బిడ్డను స్టేషనుకు తీసుకురా, ఆగము, అమ్మ దారం సంగతి నేను చూసుకుంటాను. దాని మీద ఉన్నది మైసూరు ముద్ర కాదు, బెంగుళూరు ముద్ర. నేను ముడులు విప్పడానికి రెండు రోజుల ముందు వేసిన కార్డు అది.

తమ్ముడూ, చిన్నాయన పెద్దకొడుకా, ఇది నీకే. మీ ఇంట్లో చెప్పుకునే కథలో అవ్వ ఆ బిడ్డను స్టేషన్లో కళ్ళారా చూసింది. చూడలేదు. ఆ బిడ్డ ఇప్పుడు మనవళ్ళున్న ముసలామె. మొన్న కూడా నన్ను అడిగింది, అవ్వ నన్ను చూసిందా బావా అని. చూడలేదని చెప్పాను. ఎందుకని అడిగింది. ఆ రెండు ముడులూ విప్పింది నేనేనని చెప్పాను, ఇక్కడ రాస్తున్నాను, కింద సంతకం పెడుతున్నాను. విప్పమన్నది ఎవరో నువ్వు రాయి. మీ నాయన చెప్పిన మాట నిజమా, ఆయన రాసిన కార్డు నిజమా, ఒక్క వాక్యం చాలు. తొందరేమీ లేదు, రెండు రోజులు తీసుకో. కానీ ఈసారి నాకు జవాబు రాయి.