బాపమ్మ ఆవంలో బీడీల బొమ్మలు

నా చిన్నప్పుడు బుగ్గారంలో మా కుమ్మరోళ్ల ఇండ్లన్నిటికీ కలిపి కుండలు కాల్చే ఆవం ఒక్కటే ఉండేది. ఎండలు ముదిరే ముందు అందరి కుండలూ అందులోనే పేర్చి, కట్టెలూ పిడకలూ కప్పి నిప్పు పెట్టేవాళ్లు. ఆ కాల్పు చెడిందంటే కోరుట్ల అంగడికి పట్టుకుపోవడానికి ఏమీ మిగలదు.

ఆ ఏడు పక్కింటి అక్క కుండలు చేయలేదు. ఆమె పెనిమిటి దుబాయిలో ఉన్నాడు. తను పగలు బీడీలు చుట్టి, మిగిలిన పొద్దులో మట్టితో బొమ్మలు చేసింది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని. ఒక బొమ్మ వంగిన మెడ చూసి, అది మా చిన్నమ్మేనని గుర్తుపట్టాను. జగిత్యాల ప్రదర్శనకు వాటిని తెమ్మని ఒక డ్రాయింగ్ సారు చెప్పారట.

ఆవం పేర్చేనాడు మగవాళ్లు ఒప్పుకోలేదు. మందపాటి బొమ్మల్లో తడి మిగిలితే నిప్పులో పేలుతాయి, పక్కనున్న కుండలనూ పగలగొడతాయి. వాళ్లది ఉత్త భయం కాదు. అక్క గంప నెత్తికెత్తుకుని వెనక్కి తిరిగింది.

మా బాపమ్మ, అంటే మా నాయనమ్మ, లేచి ఆ గంప దింపించింది.

"నా కుండల నడుమ పెట్టుండ్రి. పగిల్తే నాయి పగుల్తయి," అంది.

మా బాపు ముఖం మాడిపోయింది. బాపమ్మ కుండలంటే మా ఇంటి బువ్వే.

నిప్పు అంటుకున్నాక అందరం చుట్టూ కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా లోపల టప్పుమని చప్పుడైంది. కాసేపటికి మళ్లీ. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను బాపమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా వేళ్లు నొప్పెట్టేలా బిగించింది. ఆమెకు భయం లేదనుకున్నాను. పగిల్తే నావేనన్న మాట భయపడుతూనే అన్నదని అప్పుడు తెలిసింది.

చల్లారాక బూడిద తీస్తే కొన్ని బొమ్మలు ముక్కలై ఉన్నాయి. వాటి చుట్టూ పెట్టిన మా కుండలు చాలావరకు నెర్రెలిచ్చాయి. ఇక బొమ్మల మాట ఎత్తొద్దని బాపు గట్టిగానే అన్నాడు. అక్క ఏడుస్తూ బాపమ్మ కాళ్లు పట్టుకోబోయింది.

"ఏడ్వకు బిడ్డా. ఈసారి లోపల బోలుగ చెయ్, నీడకు బాగ ఆరబెట్టు. పగుల్తయని ఒక్కదాన్ని బయట పెడితే, గిది అందరి ఆవం ఎట్లయితది?"

ఆ మాట విన్న ఇండ్లవాళ్లు మరునాడు తలా కొన్ని కుండలు తెచ్చి మా వాకిట్లో పెట్టిపోయారు. అయినా ఆ ఎండాకాలం మాకు బువ్వ లేక జొన్న గటకతోనే గడిచింది. అక్క బోలుగా చేసిన కొత్త బొమ్మలను రెండోసారి కాల్చినప్పుడు ఒక్కటీ పగలలేదు. జగిత్యాలలో వాటిని గోడ పొడవునా నిలబెడితే, ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్లంతా బస్సెక్కి చూడ్డానికి పోయారు. చిన్నమ్మ తన బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, మెల్లగా మెడ నిటారుగా చేసుకుంది.

ఇప్పుడు కోరుట్లలో మా షెడ్డులో కరెంటు బట్టీ ఉంది. సిరిసిల్ల నుంచి, మేడిపల్లి నుంచి పిల్లలు కొత్తకొత్తవి చేసి కాల్చుకోవడానికి తెస్తారు. లోపల ఏదైనా పేలితే ఇప్పటికీ బాపమ్మే గుర్తొస్తుంది. మళ్లీ చేద్దాం రమ్మంటాను. ఎవరిది పేలిందని మాత్రం అడగను.