ఒక్క ఆటా ఆడని చాంపియన్

నరసన్నపేట మెయిన్ రోడ్డులో అనూరాధకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. నెలలో ఒక ఆదివారం మాత్రం ఆమె ఆ కొట్టు మొహం చూడదు. ఆ రోజు బేరాలన్నీ భర్త లక్ష్మణరావు నెత్తిన పడేసి, చేతిసంచిలో టిఫిను డబ్బా పెట్టుకుని, జిల్లాలో చదరంగం పోటీలు ఎక్కడుంటే అక్కడికి ఆర్బిటర్‌గా వెళ్ళిపోతుంది. ఎవరు ఎవరితో ఆడాలో రాసిన జాబితా గోడకు అంటించడం, గడియారాలు చూడడం, ముట్టుకున్న పావును కదపనని మొండికేసే పిల్లవాడి చేత కదిపించడం ఆమె పని. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. బయట కారు హారన్ మోగించి మరీ మాట్లాడే తండ్రులు కూడా ఆమె ముందు గొంతు తగ్గిస్తారు. నలభై రెండేళ్ళ వయసులో ఆ గౌరవం ఆమెకు బాగానే ఉంటుంది, లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి?

చిన్నప్పుడు ఆమె నాలుగేళ్ళు వరసగా జిల్లా బాలికల చాంపియన్ అన్న సంగతి అందరికీ తెలుసు. సభల్లో మైకు దొరికిన ప్రతివాడూ చెబుతాడు. చివరి రెండు కప్పులు ఎలా వచ్చాయో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. లక్ష్మణరావుకు కూడా.

అది చెప్పవలసిన రోజు నిరుడు ఆగస్టులో వచ్చింది. నరసన్నపేటలోనే ఒక కల్యాణ మండపంలో పోటీలు. పొద్దున్నే అనూరాధ జాబితాలు అంటిస్తోంది. తొమ్మిదేళ్ళలోపు ఆడపిల్లలు ముప్పై ఒక్కమంది. రెండు జడలు వేసుకుని, రిబ్బన్లు కట్టుకుని, మండపమంతా వాళ్ళ గోలే. పదకొండేళ్ళలోపు పంతొమ్మిది మంది. పదమూడేళ్ళలోపుకు వచ్చేసరికి ఎనిమిది. పదిహేనేళ్ళలోపు కాగితం మీద ఒకే పేరు: దుర్గ. మగపిల్లలే ఆడుతున్న ఓపెన్ విభాగంలో అదే వయసువాళ్ళు ఇరవై తొమ్మిది మంది ఉన్నారు.

చదరంగంలో ఆడవాళ్ళు పైకి ఎందుకు రారండీ అని ఆమెను అడగని వాళ్ళు లేరు. సంఘం కార్యదర్శి గిరిబాబు అయితే బుర్ర నిర్మాణంలోనే ఏదో తేడా ఉందని ఎక్కడో చదివి వచ్చి, ఏడాదికోసారి ఉపన్యాసం ఇస్తాడు. పైన ఎందుకు లేరని అడిగే ఈ పెద్దమనుషుల్లో ఒక్కడైనా గోడ దగ్గరకు వచ్చి ఈ నాలుగు కాగితాలూ చదవడేమని అనూరాధకు ఒళ్ళు మండుతుంది. పదమూడేళ్ళు నిండాక ఆ రిబ్బన్ల పిల్లలంతా ఎక్కడికి పోయారో అడగరు గానీ బుర్ర గురించి మాట్లాడతారు.

గిరిబాబు చెడ్డవాడు కాదు. బట్టల కొట్టు వదులుకుని, చేతి డబ్బు పెట్టుకుని పోటీలు నడుపుతాడు. ఒక్క అమ్మాయే వచ్చిందని తెలియగానే అతను కప్పు తీసి బల్ల మీద పెట్టేశాడు. నిబంధన ప్రకారం ఆమే చాంపియన్, రాష్ట్ర పోటీకి కూడా నేరుగా ఆమే వెళుతుంది, ఒక ఫొటో తీసి పంపేస్తే పాపం తల్లీకూతుళ్ళు ఎండెక్కకముందే ఊరు చేరతారని అన్నాడు.

తల్లి గురమ్మ కోటబొమ్మాళి సంతలో చేపలు అమ్ముతుంది. తండ్రి పోతురాజు బోటు మీద వేటకు వెళతాడు. భావనపాడు వైపు సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. మొదటి బస్సుకు బయలుదేరి, రెండు బస్సులు మారి వచ్చారు. బడిలో ఆటల మాస్టారు దగ్గర పావులు కదపడం నేర్చుకుని, మిగతా ఆటంతా తండ్రి ఫోనులో నేర్చుకుందట ఆ పిల్ల. కప్పు అనేసరికి గురమ్మ మొహం వెలిగిపోయింది. దుర్గ మాత్రం బల్లల వైపు చూస్తూ నిలబడింది.

"నాను ఎవులితో ఆడాల మేడమ్?" అని అడిగింది.

ఎవరూ రాలేదని, ఆడకుండానే నువ్వు చాంపియనువని అనూరాధ చెప్పింది.

"ఆడకపోతే మరి నానెందుకొచ్చినట్టు?"

ఆ పిల్ల పెంకితనంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. అనూరాధ గమ్ము సీసా కింద పెట్టేసింది. సరిగ్గా ఆ మాటే పదిహేనో ఏట తన నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

అప్పుడు వాళ్ళది కోటబొమ్మాళిలో కిరాణా కొట్టు. తండ్రి కూర్మయ్యకు చదరంగం అంటే ప్రాణం. కొట్టు ముందు బల్ల మీద సాయంత్రం ఆట మొదలైతే రైల్వే గుమస్తాలు, మాస్టార్లు, బెల్లం వ్యాపారులు చుట్టూ మూగేవారు. బెల్లం దిమ్మల పక్కన కూర్చుని చూసి చూసి ఎనిమిదేళ్ళకే అనూరాధ ఆట పట్టేసింది. పదకొండేళ్ళకు ఆ పెద్దవాళ్ళను ఓడించడం మొదలుపెట్టింది. ఓడినవాళ్ళు గడ్డం గోక్కుంటూ ఇంకో ఆట వెయ్యమనేవారు. పదమూడో ఏట పెద్దమనిషి అయింది. తల్లి పార్వతీదేవి కూతుర్ని కేకలేమీ వెయ్యలేదు. ఇక నుంచి మగవాళ్ళ మధ్య బల్ల మీద కూర్చోవద్దంది, అంతే. కూర్మయ్య కూడా సరేనన్నాడు. ఆట మానమని ఎవరూ అనలేదు. ఆడుకోవడానికి మనుషుల్ని మాత్రం లేకుండా చేశారు.

ఏడాదికోసారి జిల్లా పోటీకి తండ్రే తీసుకెళ్ళేవాడు. మొదటి రెండు కప్పులూ ఆడి గెలిచింది. ఆ పై రెండేళ్ళూ ఆ వయసు ఆడపిల్ల ఇంకెవరూ రాలేదు. ఉత్తినే కప్పు ఇచ్చారు. కొట్టులో దేవుడి పటాల పక్కన పెట్టారు. పదహారేళ్ళప్పుడు ఆ కప్పు పట్టుకునే విజయవాడలో రాష్ట్ర పోటీకి వెళ్ళింది. తొమ్మిది ఆటల్లో ఏడు ఓడిపోయింది. అక్కడి పిల్లలు రోజూ ఎవరితోనో ఒకరితో ఆడుతూ వచ్చినవాళ్ళు. ఆమె మూడేళ్ళుగా ఎదుట మనిషి లేకుండా తన ఎడమచేతికీ కుడిచేతికీ మధ్య ఆట పెట్టుకుని వచ్చింది. ఆడపిల్లల బుర్ర కొంత దూరమే వెళ్తుంది లెమ్మని, తిరుగు రైల్లో ఒక పెద్దాయన కూర్మయ్యను ఓదార్చాడు. ఆ ఓదార్పును అనూరాధ నమ్మింది. మళ్ళీ పావు ముట్టుకోలేదు.

ఇదంతా ఆమె మండపం మెట్ల మీద కూర్చుని తల్లీకూతుళ్ళకు చెప్పింది. ఓపెన్ విభాగంలో ఆడపిల్ల కూడా ఆడవచ్చునని చెప్పింది. కానీ ఒకరు ఒక విభాగంలోనే ఉండాలి. అటు వెళితే ఈ కప్పూ ఉండదు, రాష్ట్ర పోటీకి నేరుగా వెళ్ళడమూ ఉండదు. అబ్బాయిలతో ఆడి మొదటి ఇద్దరిలో నిలిస్తేనే.

గురమ్మ ఆలోచనలో పడింది. కప్పు తెస్తే రాష్ట్ర పోటీకి పంపిస్తానని, ఉత్త చేతులతో వస్తే ఇక బస్సు ఎక్కనివ్వనని పోతురాజు ముందే చెప్పాడట. "దీని అయ్య మాటంటే మాటేనమ్మా. ఓడిపోయి ఎలితే మల్లీ రానివ్వడు. ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు తల్లీ," అంది కూతురితో.

దుర్గ కప్పు వైపు ఒకసారి చూసింది. చూడలేదంటే అబద్ధం. పద్నాలుగేళ్ళ పిల్ల, మెరిసే కప్పు.

"ఆడతాను," అంది.

ఆరు ఆటలు ఆడింది. మూడు గెలిచింది, మూడు ఓడింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన సాయికిరణ్ అనే అబ్బాయి ఆమె మీద చెమటలు కక్కి గెలిచాడు. గెలిచిన కొడుకును తండ్రి మెచ్చుకోకపోగా, ఆడపిల్ల చేతిలో ఓడిపోయేవాడివి గదరా అని నలుగురిలో చివాట్లు పెట్టాడు. దుర్గ అవేమీ వినలేదు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, ఓడిపోయిన ఆటలో గుర్రం ఎటు వెళ్ళి ఉండాల్సిందో గాలిలో వేలితో గీసుకుంటోంది. సాయంత్రానికి తొమ్మిదో స్థానం. ఆ పిల్ల మొహం చూస్తే గెలిచి వెళుతున్నట్టే ఉంది. గురమ్మ మొహం చూస్తే తెలిసింది, గెలవలేదని.

తర్వాతి నెల పోటీకి దుర్గ రాలేదు. ఆ పై నెలా రాలేదు. రాష్ట్ర పోటీకి ఆ వయసులో జిల్లా నుంచి ఆడపిల్ల పేరే లేకుండా పోయింది. కప్పు ఇచ్చి ఉంటే కనీసం ఒక పేరుండేది కదండీ అని గిరిబాబు మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్నందుకే ఆ మాట అనూరాధను తినేసింది. కొట్టులో గిన్నెలు చూపిస్తూ గరిటెల ధర చెప్పేది. తన పాత పగ తీర్చుకోవడానికి ఎవరి పిల్లనో అడ్డం పెట్టుకున్నానా అని గింజుకుంది. చివరికి ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది.

పోతురాజు ఇంటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. కుర్చీ తెప్పించి వేశాడు, మజ్జిగ ఇప్పించాడు. మర్యాదకు లోటు లేదు. మాట మాత్రం నేరుగా వచ్చింది.

"సేతికొచ్చిన కప్పు వద్దనిపించినారంట మీరు. సరే, అయిపోనాది. ఇప్పుడు దీన్ని మల్లీ ఎందుకు పంపాల?"

పిల్లలో ఆట ఉందని, ఆడితేనే పెరుగుతుందని అనూరాధ చెప్పింది.

"ఎవులితో ఆడతాది? బడిలో ఆడగుంటలకి ఆటే రాదు. మగగుంటలు పిలిస్తే రారు, ఓడిపోతే సిగ్గంట. దినమంతా నా పోనుతో ఆడతాది. మీరు ఆడినోలే గదా అమ్మా. మీరెందుకు మానేసినారు?"

ఈ ప్రశ్నకు ఆమె దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. పెళ్ళి, పిల్లలు, కొట్టు. ఎవరైనా తలూపి ఊరుకుంటారు. పోతురాజు సూది ఆపి ఆమె వైపే చూస్తున్నాడు. ఈసారి ఆ జవాబు లెక్క ఆమెకే కుదరలేదు. పెళ్ళి ఇరవై రెండో ఏట అయింది. ఆట పదహారో ఏటే పోయింది. ఆర్బిటరయితే బల్లలన్నిటి మధ్యా తిరగవచ్చు, ఎవరి చేతిలోనూ ఓడిపోనక్కరలేదు. ఇన్నేళ్ళూ ఆటను వదల్లేక ఆ పని చేస్తున్నాననుకుంది. ఓటమికి దొరక్కుండా తిరుగుతున్నానని ఆ అరుగు మీద, మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని తెలుసుకుంది.

"భయమేసి మానేసినాను," అంది.

పోతురాజు సూది పక్కన పెట్టాడు. "అయితే ఒక మాట. పదేను రోజులకోసారి మీరు దీంతో కూకుని ఆడతానంటే నాను పంపుతాను. కప్పు రాకపోయినా పంపుతాను. మనిసంటూ నేకుండా ఒట్టి బస్సులెక్కించి తిప్పమంటే మాత్రం నా వల్ల కాదు."

దుర్గ అప్పటికే లోపలి నుంచి ప్లాస్టిక్ చదరంగం గుడ్డ తెచ్చి అరుగు మీద పరిచింది. అనూరాధ కిందకు దిగి కూర్చుంది. మొదటి ఎత్తులు తడుముకుంటూ వేసింది. పది ఎత్తులయ్యేసరికి చేతికి పాత అలవాటు గుర్తొచ్చింది. దుర్గ వదిలేసిన బంటునొకదాన్ని ఉచితంగా పట్టుకుని అనూరాధ లోలోపల చిన్నపిల్లలా మురిసిపోయింది. అక్కడే దొరికిపోయింది. ఆ బంటు ఎర అని, దుర్గ గుర్రం వచ్చి రాజుకు చెక్ చెబుతూ మంత్రి మీద కూడా కన్నేసి నిలబడ్డాక గాని తెలియలేదు. ఇంకో పది ఎత్తులు ఈడ్చి, ఓడిపోయానని చెయ్యి చాపింది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అప్పటికే చుట్టూ మూగారు. ఇంటికొచ్చిన పెద్దామెను పిల్ల ఓడించేసిందని గురమ్మ గుమ్మంలోనే బిగుసుకుపోయింది. అనూరాధకు మొహం వేడెక్కింది. విజయవాడలో ఓడినప్పుడల్లా ఇలాగే అయ్యేది. అక్కడ గెలిచిన పిల్ల లేచి, కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయేది. తను ఖాళీ బల్ల ముందు కూర్చునేది. ఇప్పుడూ తల వంచుకుని, ఆ పిల్ల లేచి వెళ్ళడం కోసం ఎదురు చూసింది.

దుర్గ లేవలేదు. పావులన్నీ గబగబా మళ్ళీ పేర్చుతోంది. పేర్చి, గుడ్డను ఇటు తిప్పింది.

"ఈసారి మీరు తెల్లయి తీసుకోండి మేడమ్. ఆ బంటు తీసుకోకుండా ఉంటే మీరు గెలుద్దురు."

అనూరాధకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. పదహారేళ్ళప్పుడు ఈ మాట అనడానికి ఎదురుగా ఒక్క మనిషి ఉండి ఉంటే సరిపోయేదని అనుకుంది, అది ఎంత చిన్న విషయమోనని మరీ ఏడుపొచ్చింది. కంగారుపడి దగ్గరకు వచ్చిన గురమ్మకు ఏమీ లేదని చెప్పి కళ్ళు తుడుచుకుంది. లక్ష్మణరావుకు ఫోను చేసి, తను ఫలానా ఊళ్ళో ఉన్నానని, రావాలనుకున్న బస్సుకు రావడం లేదని, కొట్టు ఆయన్నే కట్టేయమని చెప్పింది. ఎందుకని ఆయన అడుగుతూ ఉండగానే ఫోను పక్కన పెట్టేసి, రాజు ముందున్న బంటును రెండు గళ్ళు తోసింది.