జీవరత్నం అంకుల్ యాభై తూటాలు

నిన్న సాయంత్రం కెనడాలో మేముండే ఏజాక్స్‌లో మా పక్కింటి పిల్లలు డ్రైవ్‌వేలో దీపావళి టపాకాయలు కాలుస్తుంటే, ఆ కాలిన మందు వాసన మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆ వాసనకు ఎవరికైనా పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం హామిల్టన్‌లోని జీవరత్నం అంకుల్ గ్యారేజీ గుర్తొచ్చింది. ఆయన పోయి రెండేళ్ళయింది. పోయేనాటికి ఆయన వేళ్ళు పదీ క్షేమంగానే ఉన్నాయి. అందులో నాకూ కాస్త వాటా ఉందని చెప్పుకోవడానికి నేనేం మొహమాటపడను.

మన పిల్లలు విమానాల కొద్దీ కెనడాలో దిగుతున్న రోజులవి. నేను వరంగల్ నుంచి ఫార్మసీ టెక్నీషియన్ కోర్సుకు వచ్చి, మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి అంకుల్ వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకు దిగాను. ఆయనది నర్సాపురం వైపు. స్టీలు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పొట్టిగా, బక్కగా ఉండేవారు. ఆదివారం చర్చిలో అందరికన్నా నెమ్మదిగా పాడేవారు. అలాంటాయన దగ్గర మూరెడు పొడవున్న, మాగ్నమ్ అనే భారీ రివాల్వర్ ఉందంటే మొదట నేను నమ్మలేదు. ఫ్యాక్టరీలో తోటి కార్మికుడు షూటింగ్ క్లబ్బుకు తీసుకెళ్ళి అలవాటు చేశాడట. లైసెన్సు, తాళాల పెట్టె, అన్నీ పద్ధతి ప్రకారం ఉండేవి. ఆయన భార్య రూతమ్మ ఆంటీకి మాత్రం దాని పేరెత్తడం కూడా ఇష్టం లేదు. "శనివారం వచ్చిందంటే మీ అంకుల్ నా సవతితో షికారుకెళ్తారమ్మా" అనేవారు. ఆ సవతి పేలినప్పుడల్లా అంకుల్ టోపీ ఎగిరి వెనక పడేదని క్లబ్బులో అందరికీ తెలుసు.

ఆ పెద్ద తూటాలను అంకుల్ కొట్లో కొనేవారు కాదు. కాల్చగా మిగిలిన ఖాళీ ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, వాటిలో కొత్తగా తుపాకీ మందు కొలిచి పోసి, పైన గుండు బిగించేవారు. మా అమ్మమ్మ ఆవకాయ పెట్టేటప్పుడు కూడా అంత మడి పాటించలేదు. గ్యారేజీలోకి ఫోన్ రాకూడదు. ఎవరూ మాట్లాడకూడదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే అప్పటిదాకా పోసిన మందంతా డబ్బాలోకి ఒంపేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. ఆ ఇంట్లో దిగిన మొదటి వారంలోనే నేను ఆంటీ పంపిన గ్లాసు పట్టుకెళ్ళి, కాఫీ తీసుకోండి అంకుల్ అన్నాను. ఆయన డబ్బా దగ్గరికి లాక్కున్నారు. వరసగా పేర్చిన నలభై గొట్టాలనూ ఒక్కొక్కటిగా ఒంపేశారు. నేను గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఆయన చాదస్తానికి కారణం గోడ మీద మేకుకు వేలాడుతుండేది. అది రివాల్వర్‌లో తూటాలు పెట్టే సిలిండర్ పగిలిన ముక్క. క్లబ్బులో ఒకాయన ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పోసుకుంటే, పేల్చగానే అది ముక్కలైందట. అసలు పోయకపోయినా ప్రమాదమేనని, గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటే, తెలియక రెండోది పేల్చినవాడి చేతిలోనే తుపాకీ చీలిపోతుందని అంకుల్ చెప్పేవారు.

రెండో సెమిస్టర్‌లో నేనే అడిగి ఆ పని నేర్చుకోవడానికి వెళ్ళాను. శుక్రవారం మధ్యాహ్నం అంకుల్ మొదటి ఇరవై తూటాలు తాను చేసి చూపించారు. పనిలో ఉండగా ఎందుకు మాట్లాడకూడదో ఆ ఇరవై పూర్తయ్యేదాకా విడమరిచి చెబుతూనే ఉన్నారు. తర్వాతి ముప్పై నాకు వదిలారు. తన తూటాల అడుగున ఆకుపచ్చ చుక్క, నావాటికి ఎర్ర చుక్క పెట్టాం. ఫోన్ కోటు జేబులో దాచుకుని వెళ్ళడం నా ఘనకార్యం. సగంలో అది వణికింది. ప్లేస్‌మెంట్ గురించి కాలేజీ మెయిల్. అంకుల్ వెనక్కి తిరిగి డబ్బాలు సర్దుతున్నారు కదా అని ఒక్కసారి ఫోన్ వైపు చూశాను. తల తిప్పేసరికి చేతిలో ఉన్న గొట్టంలో మందు పోశానో లేదో, ముందుదాంట్లో రెండుసార్లు పోశానో తెలియలేదు. చెబితే అంతా ఒంపేస్తారు, సాయంత్రం నా పార్ట్‌టైమ్ షిఫ్టుకు బస్సు తప్పిపోతుంది. పైగా అప్పుడే ఆయన నా చెయ్యి మంచిదని మెచ్చుకున్నారు. ఏం కాదులే అనుకుని గుండు బిగించేశాను.

మర్నాడు ఆయన నన్ను అతిథిగా క్లబ్బుకు తీసుకెళ్ళారు. కష్టపడ్డావు కాబట్టి మొదట నువ్వే కాల్చాలని, ఆరు తూటాలు నింపి రివాల్వర్ నా చేతికిచ్చి పక్కన నిలబడ్డారు. అది బియ్యం సంచిలా బరువుగా ఉంది. నాకు గోడ మీది ముక్క తప్ప ఎదురుగా ఉన్న టార్గెట్ కనిపించడం లేదు. అంతమంది ముందు నిజం చెప్పడానికి నోరు రాక, తుపాకీ బల్ల మీద పెట్టి, కడుపులో నొప్పిగా ఉందన్నాను.

"సరే అమ్మాయ్, నువ్వు కూర్చో. నేను కాలుస్తా" అని ఆయన రివాల్వర్ అందుకున్నారు.

ఇలా జరుగుతుందని నేను ఊహించలేదు. అమ్మాయిలకు కడుపునొప్పి అంటే ఇక ఎవరూ ఏమీ అడగరని మాత్రమే నాకు తెలుసు. ఆయన చేతులు చాచి గురి చూస్తున్నారు. కాల్చేవాళ్ళను తాకకూడదని అక్కడ పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆయన తుపాకీ కిందపెట్టి చప్పుడు వినపడకుండా చెవుల మీద పెట్టుకున్న కప్పులు తీశారు.

"అంకుల్, నిన్న మధ్యలో ఫోన్ చూశాను. లెక్క తప్పాను."

"ఎన్నోదాని దగ్గర?"

"తెలీదు."

"మరి కడుపునొప్పి?"

"అది కూడా లేదు అంకుల్."

ఆయన ఆరు తూటాలూ బయటికి తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఇంటికి బయల్దేరాం. ఎక్కడో మలుపు దగ్గర వేసిన ఇండికేటర్ మా వీధి దాకా టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు.

గ్యారేజీలో సుత్తిలాంటి పనిముట్టులో ఒక్కో తూటా పెట్టి నేలకేసి కొడితే గుండు ఊడి వస్తుంది. ఊడిన మందును చిన్న తక్కెడలో తూచాలి. ముందు నా ముప్పై తీశాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కాస్త గర్వం కూడా వచ్చింది. అనవసరంగా కంగారుపెట్టాను అంకుల్ అన్నాను. ఆయన వినిపించుకోకుండా పెట్టెలో మిగిలిన తన పద్నాలుగూ తీశారు. చివరికి జేబులోని ఆరు మిగిలాయి.

నేను బెంచీ కిందికి దొర్లిన గుండ్లు ఏరుతున్నాను. ఆయన ఏమీ అనకుండా డబ్బాలోకి ఒంపేసి ఉంటే నాకెప్పటికీ తెలిసేది కాదు.

"అమ్మాయ్, ఇలా రా" అన్నారు.

తక్కెడ పళ్ళెంలో మందు రెండింతలుంది. ఆయన ఖాళీ గొట్టం తిప్పి అడుగు చూపించారు. ఆకుపచ్చ చుక్క.

"ఇది నాది. నీకు మొదటిసారి కదాని, తుపాకీలో నేను చేసినవే వేశాను" అన్నారు. గొట్టం బెంచీ మీద పెట్టి, "మాట్లాడకూడదని నీకు చెప్తూ మాట్లాడాను" అన్నారు.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆయన లోపలికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే, జరిగింది జరిగినట్టు ఆంటీకి చెప్పారు. నేను వెనకే వెళ్ళేసరికి ఆంటీ గరిటె కింద పెట్టి పొయ్యి ఆపుతున్నారు. తర్వాత అన్నానికి రమ్మన్నారు.

ఇప్పుడు ఆస్పత్రి ఫార్మసీలో నా కింద నలుగురు పనిచేస్తున్నారు. మందులు నింపుతుండగా ఎవరైనా పలకరిస్తే ట్రే పక్కన పెట్టేసి మొదటి నుంచి మొదలుపెడతానని వాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ, అది చేతికి పట్టుబడిన అలవాటు, అందులో గొప్పేమీ లేదు. గొప్పంతా ఆ రోజు ఆయన చేసిన రెండో పనిలోనే, తన తప్పు తానే చెప్పడంలోనే ఉంది. కిందటి నెల ఒక సీసాకు తప్పు లేబుల్ అంటించాను. బయటికి వెళ్ళకముందే నాకే కనిపించింది. గదిలో ఎవరూ చూడలేదు, చింపేస్తే సరిపోయేది. కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచి, చూపించి, తప్పు నాదేనని చెప్పాను. అంత చిన్నమాటకే నా గొంతు వణికింది. ఆ రోజు గ్యారేజీలో ఆయన గొంతు వణకలేదు.