బాబాయికి ఉత్త టీటీయే కావాలట

ఈ రోజు పొద్దున మా బాబాయి తన ఎరువుల కొట్లో తుప్పు మేకు తొక్కాడు. బండెక్కించుకుని నరసరావుపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. టీటీ వేయమని చొక్కా చేయి పైకి మడిచిన మనిషి, నర్సు చేతిలోని సీసా మీద టీడీ అని చదివి మళ్లీ కిందికి దించేశాడు.

"ఇప్పుడు మాకు ఉత్త టీటీ రావట్లేదండీ. ఇది ధనుర్వాతంతో పాటు గొంతుకొచ్చే కంఠసర్పి రాకుండా కూడా కాపాడుద్ది," అందామె.

"మేకు దిగింది కాల్లో. గొంతుతో పనేంది? ఒకదానికి వచ్చినోడికి రెండోది అంటగడతారా? అడిగేటోడు లేడనుకున్నారా?"

సూది వేయించుకోకుండానే కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ బెంచీ మీద కూర్చున్న ముప్పాళ్ళ రైతు ఒకాయన బాబాయిని గుర్తుపట్టాడు.

"యూరియా కట్ట కోసం వస్తే జింకు డబ్బా కూడా కొంటేనే ఇస్తానన్లా నువ్వు? నోరు మూసుకుని తీసుకుపోయాగా. పోయి పొడిపించుకో అన్నా," అన్నాడు నిదానంగా.

బాబాయి వెనక్కొచ్చి, గోడకేసి చూస్తూ చేయి చాపాడు.

ఆయన కొట్లో యూరియా కట్ట ఒక్కటే కొనుక్కుని బయటపడ్డ రైతు మీలో ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. ఈసారి బాబాయి మేకు తొక్కినప్పుడు ఉత్త టీటీ ఎక్కడున్నా నేనే వెతికి తెస్తాను.